రాత్రికి బండి ఎక్కడ ఆపుతాం? మోటర్‌హోమ్‌లో ఒడిశా చుట్టడానికి మేం వేసుకున్న లెక్కలు

మోటర్‌హోమ్‌లో ఒడిశా తిరిగొచ్చామని తెలియగానే అందరూ అడిగేది "ఏమేం చూశారు?" అనే. ప్లాను వేసుకుంటున్న రోజుల్లో మా ఇంట్లో ఆ మాట పెద్దగా రాలేదు. భోజనాల దగ్గర రోజూ నలిగింది వేరే ప్రశ్న: ఆ రాత్రికి బండి ఎక్కడ ఆపుతాం? కోణార్క్ గుడి ఎక్కడికీ పోదు, ఎప్పుడు వెళ్ళినా ఉన్నచోటే ఉంటుంది. ఇరవై అడుగులు దాటిన బండికి చదునైన జాగా, నీళ్ళ కొళాయి, పదహారు యాంప్‌ల ప్లగ్గు, చుట్టుపక్కల మనుషుల అలికిడి, ఈ నాలుగూ ఒక్కచోట దొరకడమే కష్టం. విదేశాల్లోలాగా ఇలాంటి బండ్ల కోసం కట్టిన క్యాంపు గ్రౌండ్లు మా దారిలో లేవు. కాబట్టి ఇందులో చూసిన చోట్ల సంగతి తక్కువ, ఆగిన చోట్ల సంగతి ఎక్కువ ఉంటుంది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా మావగారి తండ్రి నాటినుంచీ అప్పడాలు, వడియాలు, ఊరగాయల వ్యాపారం. ఈ వ్యాపారం సంగతి గొప్పకి చెప్పడం లేదు, ప్లాను మొత్తం దానిమీదే నిలబడింది, అందుకని చెప్తున్నాను.

మోటర్‌హోమే ఎందుకు అంటే, అత్తయ్యకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కింద కూర్చోలేరు. దాబాల్లో, చిన్న ఊళ్ళ లాడ్జీల్లో కమోడు ఉందో లేదో లోపలికి వెళ్ళి చూస్తే తప్ప తెలీదు. ఆ భయంతో ఆవిడ ప్రయాణం అంటే ముందురోజు నుంచీ నీళ్ళు తాగడం మానేసేవారు. "నన్ను జగన్నాథస్వామి దగ్గరికీ, రాయగడ మజ్జిగౌరమ్మ దగ్గరికీ ఒక్కసారి తీసుకెళ్ళండర్రా, మిగతాదంతా మీ ఇష్టం" అన్నారు. మా ఆయనకి హిరాకుడ్ ఆనకట్ట చూడాలని చిన్నప్పటి కోరిక. మా పాపకి దేవమాలి కొండ. పటం మీద ఈ నాలుగింటికీ గీత గీస్తే రాష్ట్రం చుట్టూ ఉంగరంలా తిరిగింది. సరే, ఉంగరమే తిరుగుదాం అనుకున్నాం.

ఒడిశా వైశాల్యం లక్షా యాభై అయిదు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మల్కన్‌గిరి నుంచి మయూర్‌భంజ్‌లోని బారిపద దాకా రోడ్డున వెళ్తే ఎనిమిది వందల కిలోమీటర్లు దాటుతుంది. ముప్ఫై జిల్లాలూ తిరగాలంటే నెల చాలదు. అందుకని ఉత్తరం వైపు మొత్తం మొదట్లోనే కొట్టేశాం. సిమిలిపాల్ అడవిలోకి ఇంత బండిని తీసుకెళ్ళే పని కాదు, బయట పెట్టి జీపు మాట్లాడుకోవాలి. కెందుఝర్ వైపు ఇనుప ఖనిజం లారీలు వరసకట్టి నిలబడే రోడ్లు. అత్తయ్యని లారీల వెనక రోజంతా కూర్చోబెట్టి చూపించేంత పని అక్కడ మాకు లేదు. ఇది మా తీర్పు మాత్రమే. కాళ్ళు బాగున్నవాళ్ళకి ఆ వైపు జలపాతాలకేం తక్కువ లేదు.

బండి విశాఖలో దొరికింది. ట్రావెలర్ మినీబస్సు చాసిస్ మీద కట్టించినది, డ్రైవరుతో సహా అద్దెకిస్తారు. దీనికి ముందు ఇంకొకరి బండి చూశాం. లోపల మంచాలు, వంటగట్టు, కర్టెన్లు, అన్నీ మెరిసిపోతున్నాయి. ఆర్‌సీ చూపించమంటే మామూలు ప్యాసింజరు బండి అని ఉంది. సీట్లు పీకేసి మంచాలు బిగించారన్నమాట. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నమోదు చేసిన వివరాలకి భిన్నంగా బండిని సొంతంగా మార్చకూడదు. రోడ్డు మీద ఆపిన ఆర్‌టీవో ఇన్‌స్పెక్టరు సంగతి అలా ఉంచండి, ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు మొదట వేసే కొర్రీ అదే. మోటర్ కారవాన్లకి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. ఆర్‌సీలో బాడీ టైపు దగ్గర కారవాన్ అనో క్యాంపర్ వ్యాన్ అనో రాసి ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి. మేం తీసుకున్నది పసుపు నంబరు ప్లేటు బండి, ఆలిండియా టూరిస్టు పర్మిటు ఉంది కాబట్టి సరిహద్దు దాటి ఒడిశాలోకి రావడానికి వేరే కాగితం అక్కర్లేకపోయింది. ఆర్‌సీ, పర్మిటు, ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్, అన్నిటి ఫొటోలూ నా ఫోన్లోకి వచ్చాకే మాట ఖాయం చేశాం.

అద్దె బేరం దగ్గర మాత్రం వ్యాపారస్తుల కోడలినన్న సంగతి పనికొచ్చింది. ఇలాంటి బండ్లకి రోజుకి కనీసం 250 కిలోమీటర్ల లెక్క కడతారు, తిరిగినా తిరగకపోయినా. మేం తిరగబోయేది మొత్తం పదమూడు పద్నాలుగు వందల కిలోమీటర్లు, అదీ పది పన్నెండు రోజుల్లో. వాళ్ళ లెక్కన కడితే తిరిగినదానికి రెట్టింపు కట్టాలి. దానికి తోడు గ్యారేజీ నుంచి గ్యారేజీకి మీటరు: విశాఖ నుంచి బరంపురం ఖాళీగా రావడం, మళ్ళీ ఖాళీగా పోవడం, అదే అయిదు వందల పైచిలుకు. "రోజుకి బండి నిలబడ్డ అద్దె ఇంత, కిలోమీటరుకి డీజిలూ అరుగుదలా కలిపి ఇంత, రెండూ విడివిడిగా చెప్పండి" అని పట్టుబట్టాను. ఓనరు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. చిన్న ఊళ్ళలో మెల్లగా తిరగాలనుకునేవాళ్ళు ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడండి.

"చివర్లో పలాసలో మనం దిగి రైలెక్కితే బండి అటునుంచి అటే విశాఖ పోతుంది, నూటయాభై కిలోమీటర్లు మిగుల్తాయి" అని మా ఆయన ఇంకో లెక్క తీశారు. "నువ్వు రైలెక్కు. నేను మంచం మీద పడుకుని ఇంటి గుమ్మంలో దిగుతాను" అన్నారు అత్తయ్య. ఆ లెక్క అక్కడితో మూసేశాం.

ఇక నెల. బరంపురంలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ అక్టోబరులో ప్రయాణం పెట్టుకోరు. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖని దెబ్బతీసింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న. 1999 నాటి పెద్ద తుఫాను సంగతి చెప్పనక్కర్లేదు, అది అక్టోబరు 29. నవంబరులో వరికోతలు. పల్లెల్లో ధాన్యం సగం రోడ్డు దాకా ఆరబోస్తారు. డిసెంబరు చివర పిక్నిక్కుల గోల, ఏ జలపాతం దగ్గర చూసినా బస్సులు, సౌండు బాక్సులు. సంక్రాంతి ఇంట్లోనే చేసుకుని కనుమ వెళ్ళిన తరవాత బయల్దేరాలని తేల్చాం. ఆ ఏడు పుష్య పున్నమి సంక్రాంతి ముందురోజే వచ్చింది కాబట్టి బరగఢ్ ధనుయాత్ర అప్పటికి అయిపోతుంది. ఊరు ఊరంతా మథురానగరంగా మారిపోయే ఆ నాటకం చూడలేకపోవడం నాకు ఇప్పటికీ లోటే. కానీ ఆ జనంలో ఈ బండిని ఎక్కడ ఆపేవాళ్ళం?

జనవరి ఎంచుకోవడానికి రెండో కారణం బ్యాటరీ. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే బండి ఓనర్లు దీన్ని చాలా తేలిగ్గా దాటేస్తారు. "బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందండి" అంటారు. నడుస్తుంది. ఎంతసేపు? బండిలో 12 వోల్టుల, 200 యాంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఉంది. రెండూ గుణిస్తే 2,400 వాట్-అవర్లు, అంటే కరెంటు బిల్లు భాషలో 2.4 యూనిట్లు. టన్ను ఏసీ గంటకి దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. ఇన్వర్టరులో పోయేది పోగా రెండు గంటలు. రాత్రి పదింటికి వేస్తే పన్నెండుకి బ్యాటరీ ఖాళీ, ఆ తరవాత ఫ్రిజ్ లేదు, ఫ్యాను లేదు, నీళ్ళ పంపు లేదు. పంపు లేకపోతే కమోడు లేదు. మేం బండి తీసుకున్నదే దానికోసం! జనవరిలో ఏసీ అక్కర్లేదు. చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు, ఫోన్ల ఛార్జింగు, పంపు, అన్నీ కలిపినా రోజుకి ఒకటిన్నర యూనిట్ దాటదు. పగలు బండి నడుస్తున్నప్పుడు కొంత తిరిగి ఎక్కుతుంది. ప్లగ్గు దొరకని రాత్రి కూడా గడిచిపోతుంది. ఇండక్షన్ పొయ్యి ఇస్తామన్నారు, వద్దన్నాను. దానిమీద ఒకపూట వంట చేస్తే బ్యాటరీలో నాలుగో వంతు పోతుంది. చిన్న గ్యాసు సిలిండరు పట్టుకెళ్ళి, వంట ఎప్పుడూ బండి ఆపాక, తలుపు తెరిచిపెట్టి.

నీళ్ళ ట్యాంకు 120 లీటర్లు. డ్రైవరుతో కలిపి అయిదుగురం. ఇంట్లో వాడినట్టు వాడితే సాయంత్రానికి అడుగంటుతుంది. అందుకని స్నానాలు ఆగినచోట, బండి నీళ్ళు కమోడుకీ చేతులకీ గిన్నెలకీ మాత్రమే అని నియమం పెట్టుకున్నాం. తాగే నీళ్ళ క్యాన్లు వేరే. చిలికా సరస్సు చుట్టూ బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి మొదటి రెండు రోజులకీ మా ఇంటి కొళాయి నీళ్ళే నింపుకున్నాం.

మరుగు ట్యాంకు సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. కమోడు కింద సూట్‌కేసులాంటి పెట్టె ఉంటుంది, ఇరవై లీటర్లు పడుతుంది. అయిదుగురూ వాడితే రెండో రోజుకి నిండుతుంది. దాన్ని పొలంలోనో కాలవలోనో పారబోయకూడదు. ఆగిన ఇంట్లోనో పెట్రోలు బంకులోనో అడిగి, అక్కడి మరుగుదొడ్డిలో పోసి, రెండు బకెట్ల నీళ్ళు కొట్టి, ఫినాయిలుతో కడిగి రావాలి. ఆ పెట్టెలో వేసే నీలం మందులో ఫార్మాల్డిహైడ్ ఉంటే సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. ఇంకొకరి ఇంటి ట్యాంకు పాడుచేసి రావడం మర్యాద కాదు కదా, అది లేని మందు తెప్పించాం. అత్తయ్య ఒక్కరే బండిలోది వాడాలని, మిగతావాళ్ళం ఎక్కడ ఆగితే అక్కడిదే వాడాలని తీర్మానించాక ఆ పెట్టె నాలుగు రోజులు ఆగింది. ఆ పని నాదీ మా ఆయనదీ, వంతులవారీగా. డ్రైవరు పని కాదని ముందే చెప్పుకున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. మొదట మేం వేసిన ప్లానులో రాత్రి మజిలీలన్నీ హోటళ్ళ కార్ పార్కింగులు. ఫోన్లు చేస్తే సగంమంది "గది తీసుకుంటే బండి పెట్టుకోండి" అన్నారు. మిగతావాళ్ళకి గేటు ఎత్తు చాలదు. పైన ఏసీ డబ్బాతో కలిపి మా బండి పది అడుగులు. ఒకరోజు కొట్లో కూర్చుని బాకీలు రాసుకుంటూ పద్దు పుస్తకం తిరగేస్తున్నాను. జయపురం, రాయగడ, పర్లాకిమిడి, బరగఢ్, పూరీ. మేం పార్సిళ్ళు వేసే ఊళ్ళన్నీ ఆ ఉంగరం మీదే ఉన్నాయి! ప్రతి ఊళ్ళోనూ ఒక కిరాణా హోల్‌సేలు ఖాతా. హోల్‌సేలు కొట్టు అంటే గోడౌను, గోడౌను ఉందంటే లారీ తిరిగే జాగా ఉంటుంది. పైగా వాచ్‌మన్, బోరు, త్రీఫేజ్ కరెంటు. మోటర్‌హోమ్‌కి ఇంతకంటే ఏం కావాలి? పార్సిలు ఆఫీసులో నంబరు తీసుకోవడానికి తప్ప ఎప్పుడూ ఫోన్ చెయ్యని మనుషులకి ఫోన్ చేసి "బావగారూ, ఒక్కరాత్రి మీ గోడౌనులో బండి పెట్టుకుంటాం" అని అడిగితే, ఒక్కరూ కాదనలేదు. భోజనానికి రమ్మని పిలిచినవాళ్ళకి వద్దని చెప్పడమే పనైపోయింది. వ్యాపారం లేనివాళ్ళకి ఈ దారి లేదు కదా అంటారేమో. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పుస్తకం ఉంటుంది: పెళ్ళి కార్డులు పంచిన జాబితా, ఉద్యోగంలో బదిలీ అయిన ఊళ్ళు, లారీ ట్రాన్స్‌పోర్టు చేసే మేనమామ. హోటళ్ళ యాప్ తెరిచే ముందు అది తెరవండి.

ఖాతాలు లేని ఊళ్ళలో కల్యాణ మండపాలు పట్టుకున్నాం. పెళ్ళి లేని రోజున మండపం అంత ఖాళీ చోటు ఊళ్ళో ఇంకోటి ఉండదు. ఆవరణ, నీళ్ళు, కరెంటు, వరసగా మరుగుదొడ్లు, అన్నీ ఉంటాయి. ఆ నెలాఖరుదాకా మనకి పుష్యమాసం, ముహూర్తాలు లేవు, మండపాలన్నీ ఖాళీయే అనుకుంటే కుదరదు. ఒడియా వాళ్ళకి మకర సంక్రాంతి దాటితే మాఘం వచ్చేసినట్టే, పెళ్ళిళ్ళు మొదలవుతాయి. పక్కింటి ఒడియా పంతులుగారి దగ్గర పంజిక, అంటే వాళ్ళ పంచాంగం, తెచ్చుకుని, ముహూర్తాలున్న తేదీల మీద ఎర్ర సున్నాలు చుట్టి, ఆ రాత్రుళ్ళు గోడౌన్లలో పడేటట్టూ, ముహూర్తం లేని రాత్రుళ్ళు బొలంగీర్, భవానీపట్న మండపాల్లో పడేటట్టూ రోజుల్ని ముందుకీ వెనక్కీ జరిపాం. బొలంగీర్ మండపం మేనేజరు ముందు మమ్మల్ని అనుమానంగా అడిగాడు: పెళ్ళి లేదు, గది వద్దు, వంటశాల వద్దు, మరి డబ్బెందుకిస్తున్నారు? బండి ఫొటో పంపాక నవ్వాడు.

అంగుళ్ దగ్గర మాత్రం పెట్రోలు బంకు. ధెంకానాళ్, అంగుళ్ వైపు రాత్రుళ్ళు ఏనుగులు రోడ్డు దాటతాయి, తాల్చేరు బొగ్గు లారీలూ ఎక్కువ. చీకటి పడ్డాక బండి నడపకూడదన్నది అక్కడ సలహా కాదు, నియమం. హైవే పక్కన లారీలు ఆగే పెద్ద బంకు చూసుకుని, డీజిలు అక్కడే కొట్టించి, మేనేజరుని అడిగి దీపం కింద ఆపాలి. లారీల మధ్య వద్దు, రాత్రంతా ఇంజన్లు ఆన్‌లోనే ఉంటాయి.

రోజుకి ఎంత దూరం అన్నది కూడా ఈ చీకటి లెక్కతోనే తేలింది. జనవరిలో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. పొద్దున్న ఎనిమిది దాకా మంచు, కోరాపుట్ వైపైతే తొమ్మిది దాకా. నాలుగున్నరకి మజిలీ చేరిపోవాలి. మధ్యలో భోజనం, అత్తయ్య కాళ్ళు చాపుకోవడానికి గంట. మిగిలేది అయిదారు గంటలు. మైదానంలో రెండు వందల కిలోమీటర్లు, ఘాట్ రోడ్డులో వంద దాటితే ఎక్కువ. ఫోన్లో పటం చూపించే గంటలు కారు గంటలు, ఈ బండికి వాటిమీద మూడోవంతు కలుపుకోవాలి.

చిలికా మీద బండ్లని దాటించే పంటు విషయం స్వయంగా వెళ్ళి చూసుకున్నాను. బరంపురం నుంచి పూరీకి అందరూ హైవే మీద భువనేశ్వర్ వైపు వెళ్ళి తిరుగుతారు. చిలికాకీ సముద్రానికీ మధ్య ఇసుక తిన్నె మీదుగా ఇంకో దారి ఉంది. పాలూరు, మాలుద్, కృష్ణప్రసాద్ మీదుగా జాన్హికుడ దాకా వెళ్తే, అక్కడినుంచి బండ్లని ఎక్కించుకునే పంటు సాతపడకి తీసుకెళ్తుంది. అక్కడినుంచి పూరీ యాభై కిలోమీటర్లు. దారి అందంగా ఉంటుంది, లారీలుండవు. పంటు రోజుకి కొన్ని సార్లే తిరుగుతుంది, గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు. నా అనుమానం వేరే: మా బండికి వెనక చక్రాల తరవాత తోక చాలా పొడుగు, దాని కింద వాడిన నీళ్ళ ట్యాంకు వేలాడుతోంది. ర్యాంపు మీద ముందు చక్రాలు ఎక్కేసరికి వెనక తోక నేలకి తగిలితే ట్యాంకు పగుల్తుంది. మా ఆయనతో బైకు మీద వెళ్ళి పంటు మీద పనిచేసే ఆయన్ని అడిగాం. "నీళ్ళు బాగా ఉన్నప్పుడు పంటు లేస్తుంది, ర్యాంపు వాలు మారుతుంది. మీరొచ్చిన రోజు చూసి చెప్తాను, అడ్డంగా ఎక్కించకండి, రెండు పలకలు తెచ్చుకోండి" అన్నాడు ఒడియాలో. పలకలు తెచ్చాం. గాలి వస్తే అన్న మాటకి రెండో ప్లాను కూడా రాసుకున్నాం: హైవే మీదే వెళ్ళి, టాంగీ దగ్గర మంగళజోడిలో పక్షులు చూసి, భువనేశ్వర్ మీదుగా పూరీ. అది విన్నాక మా పాప పంటు రద్దవ్వాలని దణ్ణం పెట్టుకుంది. రద్దవ్వలేదు. చక్రాల కింద పలకలు వేసి ఎక్కించారు, ట్యాంకు బెత్తెడు ఎడంతో తప్పించుకుంది.

పూరీలో గుడి దగ్గరికి ఇంత బండి పోదు. కోణార్క్ రోడ్డు వైపు మా ఖాతాదారు ఖాళీ స్థలంలో పెట్టి, అక్కడినుంచి ఆటో, ఆ తరవాత చక్రాల కుర్చీ. మాఘ సప్తమికి చంద్రభాగ తీరంలో జనం విరగబడతారు కాబట్టి అంతకుముందే కోణార్క్ దాటేలా చూసుకున్నాం.

బరగఢ్ సంగతి చెప్పాలి. 1957లో నెహ్రూ హిరాకుడ్ ఆనకట్టని ప్రారంభించాక కాలవ నీళ్ళు పారిన ఆ ప్రాంతానికి కోస్తాంధ్ర నుంచి రైతులు వలసవెళ్ళి భూములు కొనుక్కుని వరి పండించారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ ఆంధ్రా క్యాంపులంటారు. మా ఊరగాయలకి పడమటి ఒడిశాలో గిరాకీ ఉందంటే వాళ్ళ పుణ్యమే. ఖాతాదారు రైసుమిల్లు కళ్ళంలో రెండు రాత్రులు పెట్టాం, అక్కడినుంచే ఆనకట్ట చూసి వచ్చాం. మట్టికట్టలతో కలిపి ఇరవై అయిదు కిలోమీటర్ల పైన ఉన్న కట్టని మా ఆయన చూస్తూ నిలబడిపోయారు. అత్తయ్యకి మాత్రం రైసుమిల్లు ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడే హిరాకుడ్.

భవానీపట్న దాటాక అంపాణి ఘాట్, ఆ తరవాత జయపురం నుంచి కోరాపుట్ ఘాట్. విశాఖ డ్రైవరుని అడిగి మరీ తీసుకోవడానికి కారణం ఇదే, అరకు ఘాట్ నడిపి నడిపి ఉంటారు. "అమ్మా, ఘాట్‌కి ముందు నీళ్ళు సగం దించేయండి" అని అతనే చెప్పాడు. నిండు ట్యాంకు అంటే 120 కిలోల బరువు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగడం, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకపోవడం అతని లెక్క. "నువ్వు మెల్లిగా పోనీ నాయనా, మాకేం మించిపోయింది" అని అత్తయ్య ప్రతి మలుపులోనూ చెప్పారు, అతను ప్రతి మలుపులోనూ "అలాగే మామ్మగారూ" అన్నాడు. అతనికి పడక ఎక్కడ అన్నది కూడా ప్లానులో రాసుకున్నాం. ముందు సీట్ల దగ్గర చాలదు. గోడౌన్లలో, మండపాల్లో గది ఇప్పించాం, బంకు దగ్గర మా ఆయన బయట మడతమంచం మీద పడుకుని తన పక్క ఇచ్చారు. రోజంతా మనల్ని మోసే మనిషికి నిద్ర లేకపోతే ఈ లెక్కలన్నీ దండగ.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే పెద్ద శిఖరం. పైదాకా రోడ్డుంది గానీ ఈ బండికి కాదు. సెమిలిగుడ వైపు ఆపి, తెల్లారకుండా జీపు మాట్లాడుకున్నాం. ఆ రాత్రి చలికి అత్తయ్య మూడు దుప్పట్లు అడిగారు. బొండా తెగ వాళ్ళ సంతకి వెళ్ళమని చాలామంది చెప్పారు, నేను ప్లానులో పెట్టలేదు. మనుషుల్ని ఫొటోలు తియ్యడానికి సంతకెళ్ళడం నాకు నచ్చదు, ఆ తెగల వాళ్ళ ఫొటోలు తియ్యడం మీద ప్రభుత్వ ఆంక్షలు కూడా ఉన్నాయి.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం ఆదివారం పడకుండా జరిపాం, ఆదివారాలు రద్దీ. అక్కడినుంచి గుణుపురం, పర్లాకిమిడి. పర్లాకిమిడి నుంచి బరంపురానికి మోహన, తప్తపాని మీదుగా కొండదారి ఒకటి, పలాస మీదుగా హైవే ఒకటి. చంద్రగిరి టిబెటన్ల మఠం చూడొచ్చని కొండదారి రాసుకున్నాం. అప్పటికి అందరం అలిసిపోయి ఉంటామని రెండోది కూడా రాసుకున్నాం. రెండోదే వాడాం.

వేసవిలో వెళ్దామనుకునేవాళ్ళు మా లెక్కలు యథాతథంగా వాడకండి. ఏసీ లేకుండా రాత్రి గడవదు కాబట్టి ప్రతి మజిలీలోనూ పదహారు యాంప్‌ల ప్లగ్గు ఉండి తీరాలి, లో-వోల్టేజి ఉండే ఊళ్ళకి స్టెబిలైజరు కూడా. భితర్కనికా మే నుంచి జులై దాకా మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమని మూసేస్తారు. తీరంలో తుఫాన్ల భయం అక్టోబరుకే పరిమితం కాదు, 2019లో ఫొని మే 3న పూరీని తాకింది. వానాకాలంలో అయితే ఘాట్లలో కొండచరియలు. అప్పుడు అంపాణి వైపు వెళ్ళే ముందురోజు భవానీపట్నలో లారీ డ్రైవర్లని అడిగి బయల్దేరండి, పటాల యాప్‌ల కంటే వాళ్ళకి ముందు తెలుస్తుంది. అద్దె అడ్వాన్సు ఇచ్చేటప్పుడు, వాతావరణం వల్ల తేదీ మారితే డబ్బు పోదన్న మాట కాగితం మీద రాయించుకోండి. మా ఓనరు రాసిచ్చాడు, మాకు అవసరం పడలేదు.